దర్వాజా దగ్గర పోయిన పతా

ఫజర్ నమాజ్ అయి చాయ్ తాగుతుంటే ఫుప్పూ ఫోన్. సలాం కూడా చెప్పలేదు. "బేటా, భాయీజాన్ కీ ఆవాజ్ నికాల్ దియే క్యా?" అంది. మీ అబ్బా గొంతు తీసేసినవా అని. ఏడ్చి ఏడ్చి ఉన్న గొంతు.

అబ్బా పోస్ట్‌మ్యాన్. రిటైరయ్యాక నా టేప్‌రికార్డర్ ముందు కూర్చుని ముచ్చట్లు చెప్పేవాడు. ఇంతికాల్ అయ్యాక ఆ క్యాసెట్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి, ఖాందాన్ కోసం చిన్న వెబ్‌సైట్ కట్టాను. వాటిలో ఎవరి షాదీ ఎందుకు తప్పిపోయింది, ఎవరు ఎవరికి బాకీ లాంటి ఇంటి గుట్లు కూడా ఉన్నాయి. అందుకే లాగిన్ పెట్టాను. దర్వాజా ఉండాలి కదా.

ఫుప్పూకి మొదటిసారి నేనే ఫోన్ పట్టుకుని లాగిన్ చేసి, అబ్బా చిన్నప్పటి ఈద్ గురించి చెప్పిన పేజీ తెరిచి ఇచ్చాను. లింక్ వాట్సాప్‌లో పంపాను. రోజూ వినేది. ఆ రాత్రి లింక్ నొక్కితే పాస్‌వర్డ్ అడిగిందట. కాగితం మీద రాసిచ్చింది చూసుకుంటూ మనవరాలితో కొట్టించింది. తర్వాత వచ్చిన పేజీని ఆ పిల్ల చదివి చెప్పింది: "నాట్ ఫౌండ్. లేదంట దాదీ."

"ఫుప్పూ, వాట్సాప్‌లో అదే లింక్ మళ్లీ ఒకసారి నొక్కు" అన్నాను. కాసేపు నిశ్శబ్దం. తర్వాత ఫోన్లోంచి అబ్బా నవ్వు. ఫుప్పూ ఏమీ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.

గొంతు దొరికింది సరే, రాత్రంతా ఆమెను ఏడిపించింది ఏమిటి? కూర్చుని వెతికాను.

నేను ఇంజనీర్ని కాను. పదో తరగతి దాకా ఉర్దూ మీడియం, డిగ్రీ తెలుగు, నౌకరీ పేపర్లో. నైట్ డ్యూటీ అయ్యాక వీడియోలు చూసి జాంగో నేర్చుకున్నాను. అది కూడా పత్రికాఫీసులోనే పుట్టిందని తెలిసి దానిమీద మొహబ్బత్ కలిగింది. అమెరికాలో కాన్సాస్ రాష్ట్రం లారెన్స్ పట్నంలో లారెన్స్ జర్నల్ వరల్డ్ అనే పేపరుంది. దాని వెబ్ విభాగంలో 2003లో అడ్రియన్ హోలోవాటీ, సైమన్ విల్లిసన్ దీన్ని మొదలుపెట్టారు. 2005లో అందరికీ ఇచ్చేశారు.

జాంగోలో ఒక పేజీకి 'లాగిన్ రిక్వైర్డ్' అని పెడితే, లాగిన్ కాకుండా వచ్చినవాళ్లను అది వెళ్లగొట్టదు. 302 అనే జవాబుతో లాగిన్ పేజీకి పంపిస్తుంది. పంపేటప్పుడు ఆ పతా చివర 'నెక్స్ట్' అని పెట్టి, మెహమాన్ అసలు ఎక్కడికి బయల్దేరాడో రాసి పంపుతుంది. పాస్‌వర్డ్ సరిపోయాక ఆ నెక్స్ట్ చూసి అక్కడికే చేరుస్తుంది. ఎవరు నువ్వు అని అడగడమే కాదు, ఎక్కడికి పోతున్నావో యాద్ పెట్టుకోవడం కూడా లాగిన్ పనే.

నేనేం చేశానంటే, లాగిన్ పేజీ అందంగా ఉండాలని ఫారం సొంతంగా రాసుకున్నాను. నమూనాలో నెక్స్ట్‌ను మోసే ఒక దాపుడు లైన్ ఉంది. తెర మీద కనిపించదు కదా, ఎందుకులే అని తీసేశాను. ఫారమేమో ఉత్త లాగిన్ పతాకే పోతోంది. అంతే, నెక్స్ట్ దర్వాజా దగ్గరే పడిపోయింది. నెక్స్ట్ లేకపోతే జాంగో తనకు తెలిసిన 'అకౌంట్స్, ప్రొఫైల్' అనే పతాకి పంపుతుంది. అలాంటి పేజీ నేను కట్టనేలేదు. అందుకే 404.

మరి రోజూ వినే ఆమెను ఆ రాత్రే పాస్‌వర్డ్ ఎందుకు అడిగింది? జాంగో లాగిన్‌ను మామూలుగా రెండు వారాలే గుర్తుపెట్టుకుంటుంది. రోజూ వచ్చి విన్నా ఆ గడువు దానంతటది పెరగదు. అది మార్చుకోవచ్చని నాకప్పుడు తెలీదు.

జల్దీలో ఇంకో తప్పు చేశాను. లాగిన్ పని మొత్తం నేనే రాసి, నెక్స్ట్‌లో ఏ పతా ఉంటే అక్కడికి పంపేలా పెట్టాను. సాయంత్రం మా భాంజా వచ్చి చూశాడు. సాఫ్ట్‌వేర్లో ఉన్నాడు. "మామూ, ఆ నెక్స్ట్‌లో ఎవడన్నా వేరే సైట్ పతా రాసి పంపితే?" అన్నాడు.

లింక్ మన సైట్ పేరుతోనే మొదలవుతుంది కాబట్టి ఫుప్పూకి షక్ రాదు. పాస్‌వర్డ్ కొడుతుంది. మనమే ఆమెను తీసుకెళ్లి అచ్చం మన పేజీలాగే ఉన్న దొంగ పేజీలో దింపుతాం. పాస్‌వర్డ్ తప్పు, మళ్లీ కొట్టు అంటుంది అది. కొడుతుంది పాపం. ధోకా వాడిది, దారి చూపింది మనం.

జాంగో సొంత లాగిన్‌లో ఈ పరీక్ష ముందే ఉంది. నెక్స్ట్‌లోని పతా మన సైట్‌దేనా అని చూసి, కాకపోతే పక్కన పెడుతుంది. భాంజా నేను రాసిందంతా కొట్టేసి ఆ పాత లాగిన్‌నే పెట్టించాడు. తీసేసిన దాపుడు లైన్ తిరిగి చేర్చాను. నెక్స్ట్ లేనివాళ్లు మొదటి పేజీకి పోయేలా సెట్టింగ్ మార్చాను. రెండు వారాల గడువును ఏడాది చేశాను. అన్నీ కలిపి పది లైన్లు కూడా లేవు.

అబ్బా చేతి సంచిలో రోజూ నాలుగైదు ఉత్తరాలు ఇల్లు మారినవాళ్లవి ఉండేవి. పాత పతా కొట్టేసి పక్కన కొత్తది రాసేవాడు. రీడైరెక్ట్ అనే మాట నేను మొదట విన్నది ఆయన నోటనే. కొత్త పతా దొరికేదాకా ఆ ఉత్తరాన్ని సంచిలోనే పెట్టుకుని తిరిగేవాడు. 'లేరు' అని రాసి వాపస్ పంపడం ఆయనకు కష్టంగా ఉండేది.

చివరగా ఆ 404 పేజీ కూడా మార్చాను. ఇంగ్లీషు తీసేసి ఉర్దూలో, తెలుగులో పెద్ద అక్షరాలతో రాశాను: "ఈ పేజీ ఇక్కడ లేదు. అబ్బా మాటలు మాత్రం భద్రంగా ఉన్నాయి. ఏ టైమైనా సరే, నాకు ఫోన్ చేయండి."