ఓడినవారి వంతు

సూరతు వ్యాపారుల నగరం. లాభాన్నీ నష్టాన్నీ ఒకే పుస్తకంలో వ్రాసుకోవడం ఆ నగరానికి తరతరాలుగా అబ్బిన విద్య. వజ్రాన్ని సానపట్టేటప్పుడు దాని బరువులో చాలా భాగం పొడిగా రాలిపోతుందని అక్కడి పనివాడికి ముందే తెలుసు. ఆ తరుగును అతడు ఓటమి అనడు. మరమగ్గం మీద పోగు తెగితే నేతగాడు మగ్గం ఆపి, ముడివేసి, మళ్ళీ నడుపుతాడు. అతడూ దానిని ఓటమి అనడు. తెలంగాణ జిల్లాలనుండి తరలిపోయి లింబాయతు, ఉధనా ప్రాంతాలలో స్థిరపడిన పద్మశాలి కుటుంబాలెన్నో ఆ మగ్గాల చప్పుడు మధ్యనే పిల్లలను పెంచుకున్నవి. ఆ పిల్లలకోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు కూడా నడిపింది. ఇన్ని నష్టాలకు పద్దులు తెలిసిన ఆ నగరంలో ఒక నష్టానికి మాత్రం పద్దు లేదు. అది ఆటలో వచ్చే నష్టం.

ఆటలలోనూ హాకీకి అక్కడ దొరికిన చోటు స్వల్పం. సూరతు మనస్సు క్రికెట్టుది. 2022లో గుజరాతు రాష్ట్రం 36వ జాతీయ క్రీడలకు ఆతిథ్యమిచ్చినప్పుడు టేబుల్ టెన్నిసు, బ్యాడ్మింటను సూరతుకు వచ్చినవి. హాకీ రాజకోటకు వెళ్ళింది. అయినా అట్టి ఊరిలో ఒక ఔత్సాహిక హాకీ జట్టును ఊహించుకోవడం కష్టం కాదు. పదకొండుగురు యువకులు. ఒకడు మగ్గం నడిపేవాడు, ఒకడు బట్టల మార్కెట్టులో గుమాస్తా, ఒకడు వజ్రాలు సానపట్టేవాడు, కొందరు కళాశాల విద్యార్థులు. రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చినవాడి కన్నులు ఇంకా ఎర్రగానే ఉంటవి. సెలవునాటి ఉదయం, క్రికెట్టు ఆడేవారు రాకముందే, మైదానంలో ఒక మూల దొరికితే అదే వారి సాధన. వారికి ఎదురుగా నిలిచేది రైల్వే జట్టో, సైనికుల జట్టో అయినప్పుడు ఫలితం సగం ముందే తేలిపోయి ఉంటుంది. ఎదుటివారికి ఆట ఉద్యోగంలో భాగం. వీరికి ఉద్యోగం పోగా మిగిలిన గంటలో ఆట.

బలవంతుని చేతిలో ఓడిపోవడం ఒక్కసారిగా జరిగే పని కాదు. మొదటి గోలు పడినప్పుడు కోపం వస్తుంది. రెండవ గోలుకు ఒకరినొకరు నిందించుకుంటారు. నాలుగవదానికి ఆ ఓపిక కూడా ఉండదు. ఆ తరువాత వచ్చేది మౌనం. పన్నెండడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు గల గోలు ఆ మౌనంలో కోటగుమ్మమంత పెద్దదిగా తోస్తుంది. చూసేవారిలో కొందరు నవ్వుతారు, కొందరు ఇంటిదారి పడతారు. ఆడేవారికి ఇంటిదారి లేదు. ఈల మ్రోగేవరకు అక్కడ ఉండవలసిందే. తల వంచుకొని నిలిచిన గోలుకీపరుతో అప్పుడెవరో ఒక చిన్నవాడు, "పోనీ తియ్యన్నా, బంతి ఇటియ్యి" అంటాడు. ఓటమిలో వినదగిన మాట అదొక్కటే.

ఆ మాట వెనుక హాకీ నియమమొకటి ఉన్నది. పూర్వం ప్రతి గోలు తరువాత బంతిని మైదానం నడుమ పెట్టేవారు. ఇరుపక్షాలనుండి ఒక్కొక్కడు వచ్చి, ఎదురెదురుగా నిలిచి, కర్రతో ఒకసారి నేలను, ఒకసారి ఎదుటివాని కర్రను, ఇట్లు మూడేసిమార్లు తాకించి, ఆపైన బంతికోసం పెనుగులాడేవారు. దానిని బుల్లీ అనేవారు. పది గోల్స్ ముందున్నవాడూ, పది గోల్స్ వెనుకబడినవాడూ ఆ క్షణంలో సమానులు. 1980 దశకంలో ఆ పద్ధతి మారింది. గోలు తిన్న పక్షమే నడుమనుండి బంతిని కదిలించి ఆట తిరిగి మొదలుపెట్టాలన్న పద్ధతి వచ్చింది. అంటే నష్టపోయినవారిదే తరువాతి వంతు. ఆ వంతు తీసుకోవడానికి నడుమదాకా నడిచివెళ్ళే ఇరవై ముప్పై అడుగులే ఓడుతున్న జట్టుకు అన్నిటికంటె కష్టమైన దూరం.

ఆ దూరాన్ని అందరికంటె ఎక్కువసార్లు నడిచినవారిలో 1932 నాటి అమెరికా క్రీడాకారులను చేర్చవలసి ఉంటుంది. ఆ సంవత్సరం ఆగస్టు 11న లాస్ ఏంజెల్సు ఒలింపిక్సులో భారత జట్టు వారిని 24-1 తేడాతో ఓడించింది. రూప్ సింగు 10 గోల్స్, ఆయన అన్న ధ్యాన్ చందు 8 గోల్స్ చేసిన సంగతి హాకీ ప్రియులందరూ చెప్పుకుంటారు. ఎదుట నిలిచిన పదకొండుగురిని తలచుకునేవారు అరుదు. అమెరికాలో అప్పటికి హాకీ ప్రధానంగా స్త్రీల కళాశాలల ఆట. కాన్‌స్టన్స్ యాపిల్‌బీ అనే ఆంగ్ల వనిత 1901లో దానిని అక్కడ ప్రచారంలోకి తెచ్చింది. పురుషుల హాకీకి ఒక సంఘమంటూ ఏర్పడింది 1930లో. రెండేళ్ళ ప్రాయం గల సంఘం పంపిన జట్టు ధ్యాన్ చందు ఎదుట నిలిచింది. మూడు రోజుల ముందే ఆ జట్టు జపాను చేతిలో 9-2తో ఓడింది. అయినా మైదానానికి వచ్చింది. ఒక గోలు పడగానే ఒక అమెరికను నడుమకు వెళ్ళి భారతీయుని కర్రకు తన కర్ర తాకించాడు; ఇరవై గోల్స్ పడిన తరువాత కూడా అట్లే తాకించాడు. వారికి దక్కిన ఒక్క గోలును విలియం బాడింగ్‌టన్ చేశాడు.

ఆర్థికమాంద్యం వల్ల, ప్రయాణదూరం వల్ల ఆ ఏడు హాకీ పోటీకి వచ్చినవి మూడే జట్లు. రెండు ఆటలూ ఓడిన అమెరికాకు కాంస్యపతకం లభించింది. దీనిని హాస్యంగా చెప్పేవారు కద్దు. అయితే, ఎట్లాగూ ఓడిపోతామని మిగిలిన రెండు జట్లూ ఇంట కూర్చుంటే, భారతదేశం ఎవరిని గెలిచి స్వర్ణం తెచ్చుకునేది? విజేత మెడలోని పతకానికి ఓడినవారు కూడా కొంత లోహం పోసి ఉంటారు.

అన్ని గోల్స్ చేయడం క్రౌర్యం కాదా అని అడగవచ్చు. పసివానితో ఆడేటప్పుడు పెద్దవాడు కావాలని ఓడిపోవడం వాత్సల్యం. సాటివానితో ఆడుతూ కర్ర దించడం మాత్రం అతనిని పసివాని క్రింద జమకట్టడమే. బలవంతుడు తన పూర్తి ఆటను చూపినప్పుడే బలహీనునికి తాను ఎక్కడ నిలిచాడో తెలుస్తుంది.

అట్లని ఓటమిని మరీ పొగడడం కూడా న్యాయం కాదు. కొన్ని ఓటములు మనిషిలోని లోపంవల్ల రావు, కాలి క్రింది నేలవల్ల వస్తవి. 1976 మాంట్రియల్ ఒలింపిక్సులో హాకీ తొలిసారిగా కృత్రిమ మైదానం మీదికి ఎక్కింది. ఏడు స్వర్ణాలు చూసిన జట్లకు మారుగా ఆ ఏడు ఏడవ స్థానానికి దిగిన భారత జట్టు తిరిగివచ్చింది. ఎనిమిదవ స్వర్ణం అప్పటికి రానేలేదు. తడిపిన కృత్రిమ మైదానం మీద బంతి నునుపుగా, వేగంగా పోతుంది. గట్టి మట్టినేల మీద ఎగిరెగిరి పడుతుంది. మట్టిమీద నేర్చిన చేతికి ఆ వేగం అలవడడానికి సంవత్సరాలు పడుతుంది. మైదానం మూలలో సాధన చేసే సూరతు యువకులకు ధైర్యం బోధించేవారు ముందుగా ఒక చదునైన నేల చూపించడం మంచిది.

ఇరవై నాలుగు గోల్స్ చేసిన దేశానికే ఏడు గోల్స్ తినే రోజు వచ్చింది. 1982 డిసెంబరు 1న ఢిల్లీలో, ఆసియా క్రీడల ఫైనలులో, పాకిస్థాను 7-1తో గెలిచింది. పదకొండుగురు ఓడిన ఆటకు నింద గోలుకీపరు మీర్ రంజన్ నేగీ ఒక్కడి నెత్తిన పడింది. ఆయన దేశభక్తినే శంకించారు. ఆ బరువును ఆయన ఏళ్ళతరబడి మోశాడు. 1998లో బ్యాంకాకు ఆసియా క్రీడలలో భారత జట్టు స్వర్ణం గెలిచినప్పుడు ఆ జట్టు గోలుకీపర్లకు శిక్షణ ఇచ్చినవాడు ఆయనే. తరువాత 2008 ఒలింపిక్సుకు భారత పురుషుల జట్టు అర్హతే పొందలేదు. 2012లో లండనులో చిట్టచివరన నిలిచింది. 2021 ఆగస్టు 5న టోక్యోలో జర్మనీని 5-4తో గెలిచి కాంస్యం తెచ్చుకున్నది. ఈ వరుసలో ఏ ఓటమీ తరువాతి గెలుపును తానై తెచ్చిపెట్టలేదు. ఓడిన మరునాడు కర్ర పట్టినవారు తెచ్చారు.

ఔత్సాహిక జట్టు ఓటమిలో నిజమైన ప్రమాదం గోల్స్ సంఖ్యలో లేదు. వచ్చే సెలవునాడు మైదానానికి ఎందరు వస్తారన్నదే ప్రశ్న. పదకొండుగురిలో ఏడుగురు వస్తే జట్టు బ్రతికినట్టే. ఎవరూ రాకపోతే పది గోల్స్ కాదు, ఒక్క గోలే ఆ జట్టును చంపినట్లు. అట్టి జట్టు గురించి పత్రికలు వ్రాయవు, ఏ సంస్థ చరిత్రలోనూ దాని పేరుండదు. అది నిలిచేదీ పోయేదీ ఆ పదకొండుగురి మనస్సులలోనే. గోలు పడిన తరువాత బంతి ఎవరిదో హాకీ నియమం స్పష్టంగానే చెప్పింది. దానిని తీసుకొనడానికి నడుమదాకా నడవమని మాత్రం ఏ నియమమూ ఎవరినీ బలవంతపెట్టలేదు.