నేను నమ్మిన అంకె

ఆయన నరసరావుపేట వైపు మిర్చి రైతు. వయసు అరవై ఆరు. బీపీ, షుగరు రెండూ ఉన్నాయి. తాగుడు మానేసి రెండేళ్లయింది గానీ, అప్పటికే లివర్ గట్టిపడిపోయింది. నాడి పట్టుకుంటే వరసలో లేదు. రెండు దెబ్బలు దగ్గరదగ్గరగా, ఇంకొకటి ఎప్పటికో, మధ్యలో ఒకటి అసలే లేదు. ఈసీజీ తీస్తే ఏట్రియల్ ఫిబ్రిలేషన్. గుండె పైగది కొట్టుకోవడం మాని వణుకుతూ ఉంటుంది. ఎడమ కర్ణికకు అతుక్కుని ఉండే చిన్న సంచిలో రక్తం నిలవై గడ్డ కడుతుంది. అది కదిలి మెదడుకు పోతే పక్షవాతం.

రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతుందో చెప్పే ఐఎన్ఆర్ పరీక్షలో 1.8 వచ్చింది. మామూలు మనిషికి అది 1 దగ్గర ఉంటుంది. గడ్డ కట్టకుండా ఎసిట్రోమ్ మాత్ర వాడేవాళ్లకు 2, 3 మధ్య ఉండేలా చూస్తాం. "మీ రక్తం దానంతటదే పలచగా ఉంది పెద్దాయనా, మళ్లీ మాత్రెందుకు?" అన్నాను. నెలనెలా ఖర్చు తప్పిందని కొడుకు సంతోషించాడు.

నాలుగు నెలలకు ఆ కొడుకే ఆటోలో తీసుకొచ్చాడు. పెద్దాయన కుడిచెయ్యి ఒళ్లో పడేసిన తువ్వాలులా ఉంది. మాట లేదు. ఆ రోజూ ఐఎన్ఆర్ చేయించాను. 1.9.

రక్తాన్ని గడ్డకట్టించే పదార్థాలు చాలావరకు లివర్‌లోనే తయారవుతాయి. గడ్డకట్టకుండా ఆపే ప్రొటీన్ సి, ప్రొటీన్ ఎస్, యాంటీథ్రాంబిన్ కూడా అక్కడివే. లివర్ చెడితే రెండూ తగ్గుతాయి. ఐఎన్ఆర్ మొదటిదాన్నే చూపిస్తుంది. ఇంట్లో ఖర్చు తగ్గిందని మురిసి, రాబడి కూడా పడిపోయిందని చూసుకోనట్టు ఉంది నా లెక్క. లివర్ గట్టిపడే సిరోసిస్ ఉన్నవాళ్లకు పొట్టలోని పోర్టల్ సిరలో గడ్డలు కట్టడం నేను ఎరగనిదేం కాదు. ఎరిగీ ఆ అంకెనే నమ్మాను.

అసలు 'రక్తం పలచబడే మాత్ర' అన్న మాటే మనల్ని పెడదారి పట్టిస్తుంది. రక్తంలో నీళ్లేమీ కలవవు, గడ్డ కట్టడం ఆలస్యమవుతుంది, అంతే.

ఆ తర్వాత కొన్నేళ్లకు ఒక మామ్మగారు వచ్చారు. చుక్క మందు ముట్టని మనిషి. షుగరు, ఫ్యాటీ లివర్ ముదిరి సిరోసిస్‌లోకి దిగింది. ప్లేట్‌లెట్లు డెబ్బై వేలు. గుండె లయ పెద్దాయనదిలాగే తప్పింది. ఈసారి గడ్డకట్టడాన్ని ఆపే మాత్ర ఇద్దామన్నాను. డాలస్ నుంచి కూతురు ఫోను: "రక్తం కక్కుకుంటుందేమో డాక్టరుగారూ, ఆస్పిరిన్ ఇచ్చి సరిపెట్టలేమా?" భయం న్యాయమైనదే. ఆస్పిరిన్ మాత్రం సరిపెట్టుకోవడానికి కూడా పనికిరాదు. ఈ పక్షవాతాన్ని పెద్దగా ఆపదు, కడుపులో పుండు మాత్రం పెడుతుంది. డాక్టరు మనశ్శాంతికి రాసే మందు అది.

ముందు ఎండోస్కోపీ చేయించాం. అన్నవాహికలో సిరలు ఉబ్బి ఉన్నాయి. రెండు విడతలుగా రబ్బరు బ్యాండ్లు వేయించి, ఆ సిరల్లో ఒత్తిడి తగ్గించే కార్వెడిలాల్ మొదలుపెట్టి, ఆ తర్వాతే గడ్డకట్టకుండా ఆపే అపిక్సాబాన్ ఇచ్చాం. లివర్ ఎంత చెడిందో చెప్పే ఛైల్డ్-ప్యూ లెక్కలో ఆమెది 'బి' తరగతి. 'ఎ' అయితే ఇంత తర్జనభర్జన ఉండదు. 'బి'లో అదే కోవకు చెందిన రివరాక్సబాన్ ఇవ్వకూడదు, అపిక్సాబాన్ అయినా ఆచితూచి ఇవ్వాలి. ఈ కొత్త మాత్రల మీద జరిగిన పెద్ద ప్రయోగాల్లో లివర్ బాగా చెడినవాళ్లను చేర్చుకోలేదు. మామ్మగారికీ కూతురికీ ఆ సంగతి దాచకుండా చెప్పాను. పొట్టలో నీరు, కామెర్లతో 'సి' తరగతిలో వచ్చిన ఇంకొకాయనకు నేను ఏ మాత్రా ఇవ్వలేదు. ఎందుకివ్వలేదో ఇంట్లోవాళ్లను కూర్చోబెట్టి చెప్పాను.

ఏడు నెలలు నిమ్మళంగా గడిచాయి. ఓ రోజు మామ్మగారు చెకప్ అంతా అయ్యాక, లేచి వెళ్తూ వెళ్తూ, "దొడ్డికి నల్లగా అవుతోంది బాబూ, ఐరన్ మాత్రలవల్లేలే" అన్నారు. హిమోగ్లోబిన్ చూస్తే పది నుంచి ఏడున్నరకు దిగింది. మందుల సంచీ బోర్లించమన్నాను. బీపీ మాత్రలు, షుగరు మాత్రలు, వాటి మధ్య సగం ఖాళీ అయిన డైక్లోఫెనాక్ అట్ట. మోకాళ్ల నొప్పికి మందుల షాపు అబ్బాయి ఇచ్చాడట. మళ్లీ ఎండోస్కోపీ చేయిస్తే తేలింది: ఉబ్బిన సిరలు ఏమీ చేయలేదు, పుండు పెట్టింది ఆ అట్టే. డైక్లోఫెనాక్, అపిక్సాబాన్ రెండూ ఆపి, పుండు మానాక అపిక్సాబాన్ మళ్లీ మొదలుపెట్టాం.

మీ ఇంట్లో లివర్ జబ్బు ఉండి, రక్తం గడ్డకట్టకుండా ఆపే మాత్ర వాడుతున్న పెద్దవాళ్లుంటే, ఇవాళే వాళ్ల మందుల డబ్బా తెరవండి. అందులో నొప్పుల మాత్రలు కనిపిస్తే డాక్టరుకు చూపించండి. విరేచనం తారులా నల్లగా అయితే అపాయింట్‌మెంట్ రోజు కోసం ఆగకండి, ఆ రోజే తీసుకురండి.