ముందు పేజీలు, తరవాత వికీ

సొంతంగా వికీ పెట్టుకుందామనుకునేవాళ్ళు ముందుగా అడిగేది సాఫ్ట్‌వేర్ గురించే. మీడియావికీ మంచిదా, డోకువికీ మంచిదా, ఒక్క ఫైలులో ఇమిడిపోయే టిడ్లీవికీ చాలా? అడగదగ్గ ప్రశ్నే గాని, అది మొదటి ప్రశ్న కాదు. వికీ నిలిచేదీ ఆరిపోయేదీ సాఫ్ట్‌వేర్ వల్ల కాదు, తెరిచిన రోజున అందులో ఏం ఉందన్న దాన్ని బట్టి. వికీల చరిత్రే దీనికి సాక్ష్యం. 1995 మార్చి 25న వార్డ్ కనింగ్‌హామ్ తెరిచిన మొట్టమొదటి వికీ లోకంలోని జ్ఞానాన్నంతా పోగుచేయడానికి పుట్టలేదు. ప్రోగ్రాములు రాసేవాళ్ళు తమ పనిలో పదేపదే ఎదురయ్యే చిక్కుల్నీ, వాటికి తట్టిన ఉపాయాల్నీ ఒకచోట రాసి పెట్టుకోవడానికి పుట్టింది. విషయం ఇరుకు, రాసేవాళ్ళది ఒకే వృత్తి. 2001 జనవరిలో మొదలైన వికీపీడియాదీ దాదాపు ఇదే పాఠం. అది యూజ్‌మాడ్ వికీ అనే చిన్న ప్రోగ్రాము మీద నడక మొదలుపెట్టింది. ఏడాదికే అది చాలక, 2002 జనవరిలో మాగ్నస్ మాన్‌స్కె రాసిన కొత్త ప్రోగ్రాముకు మారింది. మళ్ళీ ఆ జులైలో లీ డేనియల్ క్రాకర్ తిరగరాసిన దానికి మారింది. ఇవాళ మనం మీడియావికీ అంటున్నది అక్కడినుంచి వచ్చిందే. ఏడాదిన్నరలో ప్రోగ్రాము రెండుసార్లు మారినా వ్యాసాలు వెంట వచ్చాయి. వికీపీడియాను మొదలుపెట్టినవాళ్ళే అంతకు ముందు నడిపిన నూపీడియా అనే విజ్ఞాన సర్వస్వంలో నిపుణులున్నారు, ఏడంచెల పరిశీలన ఉంది. మూడేళ్ళకు అందులో పూర్తయిన వ్యాసాలు పాతికకు మించలేదు. వికీపీడియా మొదటి ఏడాదిలోనే దాదాపు ఇరవై వేలకు చేరడానికి కారణం, అరకొరగా ఉన్న పేజీని కూడా అది రానివ్వడమే.

కాబట్టి కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు చేయవలసిన మొదటి పని విషయాన్ని కుదించుకోవడం. 'తెలంగాణ చరిత్ర' అని పెట్టుకుంటే పది పేజీల దగ్గర ఆగిపోతుంది. 'మా ఊరి గొలుసుకట్టు చెరువులు' అని పెట్టుకుంటే ఆ పది పేజీలకే ఒక రూపం వస్తుంది. పెద్దచెరువు మీద ఒక పేజీ మొదలుపెట్టారనుకోండి. కట్ట ఎంత పొడవు, మత్తడి ఎటువైపు దూకుతుంది, ఆయకట్టు ఎంత, శిఖం భూమిలో ఎండాకాలం ఏం వేస్తారు, ఇవన్నీ నాలుగు వాక్యాల్లో రాస్తారు. అందులో 'పడమటి తూము' అన్న మాటకు రెండేసి చదరపు బ్రాకెట్లు పెడితే అది లింకవుతుంది. ఆ పేరుతో పేజీ ఇంకా లేదు కాబట్టి ఎర్రగా కనిపిస్తుంది. తెలుగు వికీపీడియాలో రాసేవాళ్ళు ఎర్ర లింకు అనేది దీన్నే. వికీ ప్రాణమంతా ఇందులోనే ఉందని నా నమ్మకం. మామూలు పుస్తకంలో రాయనిది కనపడదు. వికీలో రాయవలసింది ఎర్రగా కనపడుతూనే ఉంటుంది. దాన్ని నొక్కితే ఖాళీ పేజీ తెరుచుకుంటుంది. ఆ తూము నుంచి నీళ్ళు వదిలిన నీరటి ఎవరు, వంతులు ఎలా కట్టేవారు అని రాస్తారు. అక్కడ మళ్ళీ రెండు కొత్త ఎర్ర లింకులు పుడతాయి. ఒకే చెరువును ఒక వాడవాళ్ళు పెద్దచెరువనీ ఇంకో వాడవాళ్ళు ఊరచెరువనీ అంటుంటే, మీడియావికీలో రెండో పేరును దారిమార్పు పేజీగా పెడితే చాలు, ఎవరు ఏ పేరుతో వెతికినా అక్కడికే చేరతారు. ఇలా ఇరవై పేజీలు పేరుకున్నాక ఏ సాఫ్ట్‌వేర్ కావాలో ఆ పేజీలే చెబుతాయి.

అయినా ఏదో ఒకటి చెప్పమంటే, మొదటిసారికి నేను డోకువికీ అంటాను. మీడియావికీకి పీహెచ్‌పీతో పాటు డేటాబేస్ కావాలి. డోకువికీకి డేటాబేస్ అక్కర్లేదు. 2004లో ఆండ్రియాస్ గోర్ మొదలుపెట్టిన ఈ ప్రోగ్రాములో ప్రతి పేజీ ఒక మామూలు టెక్స్ట్ ఫైలు. డేటా ఫోల్డరులో పేజెస్ అనే చోట అవన్నీ కంటికి కనిపిస్తాయి, నోట్‌ప్యాడులో తెరిచి చదవచ్చు. రేపు ఆ ప్రోగ్రాము మూలపడినా రాత మిగులుతుంది. ఇందులో తెలుగువాళ్ళు మొదటిరోజే చూసుకోవలసిన సంగతి ఒకటుంది, దీన్ని ఎవరూ ముందుగా చెప్పరు. డోకువికీ పేజీ పేరునే ఫైలు పేరుగా వాడుతుంది, అదీ శాతం గుర్తులూ అంకెలూ కలిసిన సంకేతంలోకి మార్చి. యూనికోడు యూటీఎఫ్-8 రూపంలో తెలుగు అక్షరానికీ, గుణింతం గుర్తుకూ, పొల్లుకూ తలా మూడు బైట్లు. సంకేతంలోకి మారితే తలా తొమ్మిది. లైనక్స్ సర్వరు మీద ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు. అంటే గుణింతాలూ ఒత్తులూ కలుపుకుని ఇరవై ఏడెనిమిది గుర్తుల దగ్గరే పేరు ఆగిపోతుంది. కాస్త పొడుగు పేరు పెడితే పేజీ భద్రం కాదు, ఎందుకు కాలేదో కొత్తవాళ్ళకు అర్థం కాదు. సెట్టింగుల్లో ఫైలు పేర్లను యూటీఎఫ్-8 లోనే ఉంచమని మార్చితే ఈ హద్దు మూడింతలు పెరుగుతుంది. పేజీలు రాశాక మారిస్తే పాతవి దొరక్కుండా పోతాయి కాబట్టి ఈ పని ముందే చేసుకోవాలి.

తెలుగు వికీపీడియా ఉండగా ఇంకో వికీ ఎందుకని అడిగేవాళ్ళున్నారు. న్యాయమైన ప్రశ్న. 2003 డిసెంబరులో మొదలై, స్వచ్ఛందంగా రాసేవాళ్ళ కష్టంతో పెరిగిన ఆ విజ్ఞాన సర్వస్వం మీద నాకెంతో గౌరవం. వికీ రాత నేర్చుకోవడానికి అక్కడి ప్రయోగశాల పేజీకి మించిన బడి లేదు. కానీ అక్కడ రాసినదానికి ప్రచురితమైన ఆధారం ఉండాలి, సొంత పరిశోధనకు చోటు లేదు. విజ్ఞాన సర్వస్వానికి ఆ నియమం ఉండి తీరాలి. ఎనభై ఏళ్ళ నీరటి చెప్పిన నీటి వంతుల లెక్క ఏ పుస్తకంలోనూ లేదు. ఆ లెక్కకు చోటు మీ వికీలోనే. వాట్సాప్ గ్రూపు చాలదా అంటే, చాలదు. అక్కడ నిన్నటి మాట ఇవాళ్టి ఫొటోల కింద పడిపోతుంది, ఏడాది కిందటి మాటను తవ్వి తీసి దిద్దడం ఎవరివల్లా కాదు.

ఎవరు పడితే వాళ్ళు చెడగొడతారన్న భయంలో సగం నిజం ఉంది. మనుషులు చెడగొడితే పేజీ చరిత్రలో పాత కూర్పు ఉంటుంది, ఒక నొక్కుతో వెనక్కి తెచ్చుకోవచ్చు. అసలు బాధ ప్రకటనలు కుమ్మరించే యంత్రాలది. తలుపులు తెరిచి వదిలేసిన కొత్త వికీని అవి రోజుల్లో ముంచేస్తాయి. అందుకని మొదట్లో ఖాతా ఉన్నవాళ్ళకే దిద్దే హక్కు ఇవ్వండి. మీడియావికీ వాడుతుంటే, ఖాతా తెరిచేవాళ్ళను 'మన ఊరి చెరువు పేరేమిటి' లాంటి ప్రశ్న అడిగే ఏర్పాటు కూడా ఉంది. మిగిలిన అభ్యంతరం, రాయడానికి ఎవరూ రారన్నది. నిజమే, చాలా తక్కువమంది వస్తారు. చాలా వికీలు వేళ్ళ మీద లెక్కపెట్టగలిగే మనుషుల చేతుల మీదుగానే నడుస్తున్నాయి. టైపు చేయడం రాని పెద్దలు ఫోనులో చెబితే మీరు రాయండి. కట్ట తెగిన ఏడాది ఒకరు ఒకటి, ఇంకొకరు మరొకటి చెబితే రెండూ పేజీలో ఉంచి, ఎవరేమన్నారో కూడా రాయండి.

నెలకోసారి డోకువికీలోని డేటా, కాన్ఫ్ ఫోల్డర్లు రెండూ ఇంకో కంప్యూటరులోకి నకలు తీసుకుంటే మీ వికీకి పెద్ద ముప్పేమీ లేదు. ముప్పంతా చెప్పేవాళ్ళు వెళ్ళిపోవడంలో ఉంది. మీ ఊళ్ళో తూముల పేర్లు తెలిసినవాళ్ళు ఇంకా ఉంటే, సాఫ్ట్‌వేర్ సంగతి పక్కన పెట్టి, ఈ ఆదివారమే ఒక నోటు పుస్తకం పట్టుకుని వాళ్ళ దగ్గరకు వెళ్ళండి.