గండికోటకు ముందు కడప

ఈ సెలవుల్లో గండికోటకు వెళ్దామని పిల్లలు పట్టుబట్టారు. మా పూర్వీకులు ఆ దుర్గంలో సిపాయిలుగా ఉండేవారని మా దాదా చెబుతుండేవారు. సామర్లకోటలో రైలెక్కి విజయవాడ, గూడూరు, రేణిగుంటల మీదుగా కడప చేరాలి. అక్కడినుండి బస్సులో జమ్మలమడుగు, ఆపై సుమారు 15 కిలోమీటర్లు. ఇదంతా ఒక కాగితంపై రాసుకున్నాను.

పెన్నా నది కోసిన లోతైన లోయ అంచున ఉంది ఆ కోట. పెమ్మసాని నాయకులు ఏలిన ఆ దుర్గాన్ని 1650లో గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షా సేనాని మీర్ జుమ్లా జయించాడు. గెలిచినవారూ, ఓడినవారూ నేడు లేరు. జామియా మసీదు, మాధవరాయ ఆలయం, ధాన్యాగారం మిగిలాయి. భూమిపై సంచరించి, గతించినవారి పర్యవసానం చూడమని దివ్యఖుర్ఆన్ పదేపదే ఎందుకు చెబుతుందో ఇటువంటి చోట్ల బోధపడుతుంది.

పిల్లలకు ఈ సంగతులు వివరిస్తుండగా అమ్మీ మెల్లగా అడిగారు: "కడపలో దిగుతారు కదా, మీ ఫుప్పీని చూసి రారా?"

నేను తలదించుకున్నాను. ఇంటి వాటా విషయంలో మాటపట్టింపు వచ్చి, పదకొండేళ్లుగా మేనత్త గడప తొక్కలేదు. బంధుత్వాన్ని తెంచేవాడు స్వర్గంలో ప్రవేశించడన్న దైవప్రవక్త (స) హెచ్చరికను మదరసాలో ఏటా బోధిస్తున్నది నేనే!

కాగితం దిద్దాను. మొదటి రోజు ఫుప్పీ ఇల్లు, మర్నాడు కోట. ఆ రాత్రే ఆమెకు ఫోను చేసి సలాం చెప్పాను. "ఎప్పుడొస్తావు నాయనా?" అన్నారు, అంతే, వాటా మాటే ఎత్తలేదు.

మీ ప్రయాణపు దారిలోనూ అలాంటి గడప ఉంటే, ముందుగా అక్కడ ఆగండి. అల్లాహ్ మన హృదయాలను కలుపుగాక! ఆమీన్.