గొంతు పెంచవే, పిల్లా!

మార్చి వచ్చిందంటే మా డాలస్ వైపు తెలుగిళ్ళలో గరాజులు దద్దరిల్లుతాయండీ. కార్లు బయట పెట్టేసి ఆడపిల్లలు లోపల ఎగురుతుంటారు. స్కూలు చీర్‌లీడింగ్ ట్రైఔట్లు మరి! వచ్చే ఏటి జట్టుకి ఎంపిక ఇప్పుడే జరిగిపోతుంది. వీడియో కాల్లో ఇది చూసిన బామ్మగారికి ఐపీఎల్ బౌండరీ దగ్గర గెంతే అమ్మాయిలు గుర్తొచ్చి, "ఇదేం చోద్యమే!" అని బుగ్గలు నొక్కుకుంటుంది.

ఆవిడకి చెప్పండి, ఇది మొదలెట్టింది మగపిల్లలేనని. 1898లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో జానీ క్యాంప్‌బెల్ అనే కుర్రాడు జనం ముందుకొచ్చి అందరిచేతా ఒక్కపెట్టున కేకలేయించాడు. అమ్మాయిలకి చోటు దొరికేసరికి మరో పాతికేళ్ళు పట్టింది. అమెరికా అధ్యక్షులైన ఐసెన్‌హోవర్, రీగన్, చిన్న బుష్ చదువుకునే రోజుల్లో చేసింది ఈ పనే. మా డాలస్ మనిషి లారెన్స్ హెర్కిమర్ అయితే 1948లో హంట్స్‌విల్‌లో శిక్షణ శిబిరం పెట్టి దీన్నో పెద్ద వ్యాపారమే చేశాడు. ఒక కాలు చాచి, ఒకటి మడిచి ఎగిరే 'హెర్కీ' ఆయన పేరే.

సరే, అసలు సంగతికొద్దాం. చాలా స్కూళ్ళలో ముందు కొద్దిరోజులు 'క్లినిక్' పేరుతో శిక్షణ పెట్టి ఒక చీర్, ఒక డాన్స్ నేర్పుతారు. చివరిరోజు చొక్కాకి నంబరు తగిలించుకుని జడ్జీల ముందు నిలబడాలి. మన తల్లిదండ్రుల ధ్యాసంతా వెనక్కి చేతుల మీద పల్టీ కొట్టే బ్యాక్ హ్యాండ్‌స్ప్రింగ్ మీదే. యూట్యూబ్ చూసి పెరట్లో నేర్పించేద్దామనుకునే నాన్నగార్లూ, మీకో దణ్ణం. అది జిమ్‌లో, పక్కన పట్టుకునే కోచ్ ఉన్నప్పుడే.

ఇంట్లో దిద్దుకోవలసినవి వేరే ఉన్నాయి. కూచిపూడి నేర్చుకున్న పిల్లకి లయ ఎలాగూ ఉంటుంది, చిక్కంతా మణికట్టుతోనే. అక్కడ వంపు అందం, ఇక్కడ అదే తప్పు. పిడికిలి బిగించి, బొటనవేలు బయటికుంచి, మోచేతి నుంచి పిడికిలి దాకా గీత గీసినట్టుండాలి. చేతులు రెండూ 'V' ఆకారంలో పైకెత్తే హై వీ పట్టినప్పుడు అవి భుజాలకి రవ్వంత ముందుకి రావాలి. తల తిప్పకుండానే ఓరకంట రెండు పిడికిళ్ళూ కనబడితే కుదిరినట్టే. కాళ్ళు రెండూ పక్కలకి చాచి ఎగిరే టో టచ్‌లో కాలివేళ్ళ కోసం వంగారో, ఛాతీ కుంగి ఎగురుడంతా పాడు. చేతులు పక్కలకి చాచే ఉండాలి, కాళ్ళే పైకి లేవాలి. దిగేటప్పుడు పాదాలు రెండూ కలిసి పడాలి.

ఇవన్నీ వచ్చేసినా మన పిల్లలు తడబడేది గొంతు దగ్గర. ఎందుకు తడబడరు చెప్పండి? నడక వచ్చిన నాటి నుంచీ "మెల్లిగా మాట్లాడవే, నలుగురూ వింటారు" అని నూరిపోసింది మనమేనాయె! ఇప్పుడు నలుగురేమిటి, స్టేడియమంతా వినాలి. కీచుగా అరిస్తే రెండు నిమిషాల్లో గొంతు పోతుంది. పొట్టలోంచి, కాస్త కింది శ్రుతిలో, మాటకీ మాటకీ మధ్య తెగ్గొట్టి పలకాలి.

పిల్లని మేడ మీద గదిలోకి పంపి తలుపేసుకుని అరవమనండి. మీరు కింద వంటింట్లో పోపు వేస్తూ వినండి. ఆ చిటపటల్లోనూ ప్రతి మాటా విడిగా తెలిస్తే గొంతు తయారైనట్టే. పక్కింటివాళ్ళకి మాత్రం ముందే ఓ మాట చెప్పి ఉంచండి, పోలీసుల్ని పిలిచేస్తారు!