జలస్తంభనము

భారత కథలో సేనలన్నియు నశించిన పిదప దుర్యోధనుడు ద్వైపాయన హ్రదము జొచ్చి, జలస్తంభన విద్యచే నీటి అడుగున దాగియుండెనని చెప్పుచుండగా, వెనుక బల్లనుండి ఒక విద్యార్థి లేచి, "సార్, గాలి లేకుంట నిజంగనే అట్ల ఉండొచ్చునా?" అని అడిగెను. తరగతి నవ్వినది. నాకు నవ్వు రాలేదు. సెలవు దినములలో ఆ బాలుడును మరి నలుగురును చెరువులో మునిగి, ఎవరెంతసేపు ఊపిరి బిగబట్టుదురో పందెములు వేయుచున్నారని నా చెవిని పడియుండెను.

హనుమకొండలో నేను శిక్షణ పొందినది తెలుగు బోధించుటకు. జీవశాస్త్రము నాది కాదు. అయినను ఆ ప్రశ్నకు పురాణముతో సరిపెట్టుట న్యాయముగా తోచక, కొంత చదివితిని.

మన పెద్దలెరిగిన కొర్రమీను బురదనీటిలోను బ్రతుకును. కాని అది మాటిమాటికి పైకి వచ్చి గాలి మ్రింగవలసినదే. రానీయకున్న నీటిలోనే చచ్చును. నిజమైన జలస్తంభన విద్య వేరొకరిది.

మన మెదడు దేహభారములో నూటికి 2 పాళ్ళు మాత్రమే. ప్రాణవాయువులో సుమారు 20 పాళ్ళు దానికే కావలెను. ప్రతి నాడీకణపు గోడలోను లవణములను తోడు పంపులు రేయింబవళ్ళు ఆడుచుండును. ప్రాణవాయువు ఆగినచో పంపులు నిలుచును. సోడియము, కాల్షియము లోనికి వరదగా వచ్చును. 4, 5 నిమిషములలో కణములు చావనారంభించును.

భివండి పిల్లలకు తక్కిన సంగతి సాంచాలతో చెప్పవచ్చును. కరెంటు పోయినప్పుడు ఒక ఆసామి సాంచాలన్నియు ఆపి ఒక్క దీపము వెలిగించుకొనును. ఉత్తర అమెరికాలోని రంగుల తాబేలు అట్టిది. మంచు గట్టిన చెరువు అడుగున, 3 డిగ్రీల చలిలో, ప్రాణవాయువు లేకయే 3 నెలలకు పైగా ఉండగలదు. దాని మెదడులో అడినోసిన్, గాబా అను పదార్థములు పెరిగి నాడీకణముల సంభాషణను అణచును. లవణములు కారు ద్వారములు మూతపడును. తోడవలసిన పనియే తగ్గును. ఆ కొద్ది శక్తికై చక్కెరను విరుచునప్పుడు పుట్టు లాక్టిక్ ఆమ్లమును పెంకులోని సున్నము హరించును.

మరియొక ఆసామి జనరేటరు పెట్టి కొన్ని సాంచాలైన నడుపును. ఐరోపాలోని క్రూషియన్ కార్ప్ చేప, అనగా మన గాజుతొట్లలోని బంగారు చేపకు దగ్గరి చుట్టము, ఈ రకము. మెదడు పని తగ్గించునే గాని ఆపదు. కాలేయములో కూడబెట్టిన గ్లైకోజెన్ దాని డీజిలు. మరి పొగ? ఆమ్లము పేరుకొననీయక మద్యసారముగా మార్చి మొప్పలగుండ నీటిలోనికి విడుచును! ఈ మార్పునకు మూలమైన ఎంజైమును ఓస్లో, లివర్‌పూల్ శాస్త్రజ్ఞులు 2017లో వివరించిరి. (ఇది విని తరగతిలో రేగిన కోలాహలము చెప్పనలవి కాదు.)

మన మెదడునకు దీపమును లేదు, జనరేటరును లేదు. మునుగుటకు ముందు వడివడిగా దీర్ఘశ్వాసలు తీసినచో బలము వచ్చునని ఆ బాలురు నమ్మియుండిరి. దానివలన రక్తములోని బొగ్గుపులుసు వాయువు తగ్గిపోవును. ఊపిరి పీల్చుమని మనలను తొందరపెట్టునది ముఖ్యముగా ఆ వాయువే. తొందర కలుగకమునుపే నీటిలో స్పృహ తప్పును. ఆరితేరిన ఈతగాండ్రు సైతము ఇట్లు మరణించిరి.

తల్లిదండ్రులకు ఒక మాట. మునిగినవానిని గట్టుకు చేర్చినపుడు ఊపిరి లేకున్న, కడుపు నొక్కి నీరు కక్కించుటకు నిలువరాదు. వెంటనే నోటితో ఊపిరి ఊది, రొమ్ము నడుమ బలముగా, వేగముగా నొక్కుచుండవలెను. వేరొకరు 108కు ఫోను చేయవలెను. ఆ 4, 5 నిమిషములు బండికొరకు వెదకుటలోనే గడచిపోవును.