కొత్తకోట సీమలో క్రైస్తవ వివాహములు

హైదరాబాదునుండి కర్నూలునకుఁ బోవు రాజమార్గమున జడ్చర్ల దాటి దక్షిణముగా సాగినచో కొత్తకోట వచ్చును. చిరకాలము మహబూబునగరము జిల్లాలో నుండిన యీ యూరు 2016లో వనపర్తి జిల్లాలోఁ జేరినది. దారి పొడుగునను రాతిగుట్టలు, వేరుసెనగ చేలు, నడుమ నడుమ శిలువ నిలిపిన చిన్న చిన్న దేవాలయములు మాకుఁ గానవచ్చినవి.

ఈ దేవాలయముల వెనుక నూఱేండ్లకు మించిన చరిత్ర గలదు. రష్యా దేశపు మెన్నొనైటు దంపతులు అబ్రహాము ఫ్రీసెను, మరియాగార్లు 1890 ప్రాంతమున నల్లగొండలో పని ప్రారంభించిరి. అమెరికానుండి మెన్నొనైటు బ్రదరెను మిషనరీలు 1899లో వచ్చిరి. మహబూబునగరమున బాప్టిస్టులు నడపిన మిషను 1937లో వీరి చేతికి వచ్చినది.

ఇచ్చటి పేద కుటుంబములకు దేవాలయమే కల్యాణమంటపము. ప్రాంగణమునఁ బందిరి వేయుదురు. ఆ నీడనే విస్తళ్లు పఱతురు. సంఘపు స్త్రీలే కూరలు తఱిగి వడ్డన చేయుదురు. కాని సోదరీమణులారా, దేవాలయము చేయు మేలు చోటిచ్చుటతో ముగియదు.

పెండ్లికి ముందు, సాధారణముగా మూఁడు ఆదివారములు, బోధకులు వధూవరుల పేర్లు చదివి, అభ్యంతరమున్నవారు తెలుపవలెనని సభనడుగుదురు. పూర్వవివాహమును దాఁచిన వరుని గుట్టు బయటపడుట కిది యొక మార్గము. పెండ్లినాఁడు వరుని నడిగినట్లే వధువును గూడ "నీ కిష్టమేనా?" యని యడుగుదురు. ఆమె నోటిమాట యందఱకు వినఁబడిన పిమ్మటనే ప్రమాణములు జరుగును. శిలువ గుర్తుగల తాళిని వరుఁడు కట్టును. కొందఱు ఉంగరములు మార్చుకొందురు. తుదకు వధూవరులును సాక్షులును పుస్తకమున వ్రాలు చేయుదురు.

1872 నాఁటి క్రైస్తవ వివాహ శాసనము ప్రకారము, దేశీయ క్రైస్తవుల వివాహమున వధువునకు 13 సంవత్సరములు దాఁటినఁ జాలియుండెను. 1978 సవరణచే వధువునకు 18, వరునకు 21 సంవత్సరములు నిండవలెనని యేర్పడినది. వివాహము ఉదయము 6 గంటలకును సాయంత్రము 7 గంటలకును నడుమ జరుగవలెను. ఇద్దఱు సాక్షు లుండవలెను; జరిపించువారికిఁ దగిన యధికారముండవలెను.

ఇప్పుడు రాజమార్గముల ప్రక్క ఫంక్షను హాళ్లు వెలసినవి. కలిగినవారు వేడుక లచ్చట జరుపుకొనుచున్నారు, తప్పులేదు. కాని దీపాల వెలుఁగులోఁ బుస్తకమును మఱవరాదు. భర్త విడిచినను, మరణించినను, ఆస్తికో పింఛనుకో భార్య యధికారి యెదుట నిలిచిననాఁడు ఛాయాచిత్రములకంటె ఆ పుస్తకములోని రెండు పంక్తులే యామెకు బలము. కావునఁ బందిరి యెచ్చట వేసినను, బిడ్డను పంపకముందే ఆ వ్రాలు పడినదా, పత్రము చేతికి వచ్చినదా యని తల్లులు విచారింపవలెను.